నిలిచియున్న మోటారు సైకిలు

గోదావరి డెల్టాలో మోటారు సైకిలు నేడు నిత్యోపయోగమైన సాధనము. కాలువగట్ల మీదను, కొబ్బరితోటల నడుమను గల ఇరుకు దారులలో దానికి మించిన వాహనము లేదు. అయితే నెలల తరబడి కదలక నిలిచియుండు మోటారు సైకిళ్ళు కూడ ఈ ప్రాంతముననే మెండుగా కనబడును. కోనసీమనుండి కువైటు, మస్కటు, దుబాయి మొదలగు తావులకు జీవనోపాధికై వెళ్ళినవారిలో పలువురు రెండేండ్లకు గాని సెలవుపై తిరిగిరారు. పైచదువులకు పోయిన పిల్లల బండ్లును అట్లే వసారాలలో నిలిచిపోవును. 2020 మార్చి 25న దేశమంతటను రాకపోకలు ఆగిపోయినపుడు లెక్కలేనన్ని బండ్లు ఒక్కమారుగా మూలబడినవి.

రెండేండ్లకు తిరిగివచ్చిన మనిషి బండిపై దుమ్ము తుడిచి కిక్కు కొట్టును. ఇంజను కదలదు. బ్యాటరీ చచ్చియుండును. ట్యాంకు మూత తీసినచో లోపల ఎర్రని పొడి కనబడును. బాగుచేయించుటకగు ఖర్చు చిన్నది కాదు. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి కలదు. పైకి బాగుగనే కనబడి, మెకానిక్కు చేత చూపింపకయే రోడ్డెక్కిన బండికి, మొదటి మలుపులోనే బ్రేకు పట్టకపోవచ్చును.

“బండిని ఎవరును ముట్టలేదు గదా, ఎట్లు చెడినది?” అని ప్రశ్నించుట సహజము. ఎవరును ముట్టకపోవుటచేతనే చెడినది అనుట సరియైన జవాబు. నడచు బండికి కలుగు నష్టము రాపిడివలన కలుగును. దానికి నూనె విరుగుడు. నిలిచిన బండికి కలుగు నష్టము రసాయనిక చర్యలవలన కలుగును. బండి నడచుచున్నంతకాలము ఇంజను వేడి తేమను తరిమివేయును. పంపు ప్రతి భాగమునకును కొత్త నూనెను చేర్చును. బ్యాటరీ మరల మరల నిండుచుండును. పాత పెట్రోలు పోయి కొత్తది వచ్చుచుండును. బండి ఆగిన దినమునుండి ఈ నాలుగు రక్షణలును ఒక్కసారిగా ఆగిపోవును. గాలి, నీరు, ఉప్పు, ఉష్ణము మాత్రము తమ పని మానవు. బండిని నిలువ చేయుటయనగా, ఆగిపోయిన ఈ రక్షణలకు బదులుగా వేరు రక్షణలను ముందుగనే ఏర్పరచుట.

డెల్టా గాలి

మోటారు సైకిలును నిలువయుంచు పద్ధతులను గూర్చిన సలహాలు పెక్కు యూరపు, అమెరికా ఖండములనుండి వచ్చినవి. అచ్చట మంచు కురియు నాలుగైదు నెలలు బండిని కొట్టములో పెట్టుదురు. అచ్చటి భయము చలి, నీరు గడ్డకట్టుట. డెల్టాలో సంగతి వేరు. ఇచ్చట భయము వేడి, తేమ, ఉప్పు. రసాయనిక చర్యలలో అనేకము ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినపుడు సుమారు రెండింతల వేగముతో జరుగును. కాబట్టి పది డిగ్రీల చలిలో ఎనిమిది నెలలకు కలుగు చేటు ముప్పది డిగ్రీల వేడిలో రెండు నెలలకే కలుగవచ్చును.

ఇక తేమ మాట. 30 సెంటిగ్రేడు డిగ్రీలయందు ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదు. వానకాలములో సాపేక్ష ఆర్ద్రత 80 శాతముండినచో ఆ గాలిలో సుమారు 24 గ్రాముల ఆవిరి ఉండును. రాత్రి అదే గాలి 25 డిగ్రీలకు చల్లబడినచో అందు 23 గ్రాములకు మించి ఇమడదు. మిగిలిన గ్రాము నీరై చల్లని వస్తువుల మీద చేరును. తెల్లవారిన పిదప గాలి త్వరగా వేడెక్కును గాని, బరువైన ఇంజను అంత త్వరగా వేడెక్కదు. అందుచేత ఉదయపు తేమగాలి దానిని తాకి చెమ్మగిల్లును. చల్లని నీరు పోసిన కంచుచెంబుకు చెమట పట్టుట ఇట్టిదే. ఈ చెమ్మ ఇంజను పైననే కాక, గాలి సోకు ప్రతి గదిలోను, సైలెన్సరులోను, సగము ఖాళీగానున్న ట్యాంకులోను పట్టును.

సముద్రతీరమున దీనికి ఉప్పు తోడగును. అలలు విరిగినపుడు ఎగిరిన సన్నని తుంపరలు ఆరి, ఉప్పు రేణువులై గాలితో లోతట్టుకు కొట్టుకొని వచ్చును. తీరమునకు దూరమైన కొలది వీటి పరిమాణము వేగముగా తగ్గును. కాబట్టి అంతర్వేది, ఓడలరేవుల వంటి తీరగ్రామములలోని బండికి రాజమహేంద్రవరములోని బండికన్న ఎక్కువ జాగ్రత్త కావలెను. ఉప్పు ప్రమాదము ఏమనగా, సాపేక్ష ఆర్ద్రత 75 శాతమునకు మించినచో సాధారణమైన ఉప్పు గాలిలోని తేమను పీల్చి తానే కరగును. వానకాలములో ఉప్పుజాడీ చెమర్చుట ప్రతి గృహిణికిని తెలిసినదే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడ ఉండును. అది ఇంకను తక్కువ ఆర్ద్రతకే కరగును. ఉప్పు పొర పట్టిన లోహము వాన లేకున్నను తడిగనే ఉండును.

తుప్పు ఎట్లు పుట్టును?

ఇనుముపై నిలిచిన ఒక్క నీటిబొట్టు చిన్న విద్యుద్ఘటమువంటిది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన యు. ఆర్. ఎవాన్సు 1920వ దశకములో ఉప్పునీటి బొట్టుతో చేసిన ప్రయోగములలో ఈ సంగతిని విశదపరచెను. బొట్టు అంచున గాలిలోని ఆమ్లజని, అనగా ఆక్సిజన్, సులభముగా అందును, నడుమ అందదు. నడుమనున్న ఇనుము ఎలక్ట్రానులను విడిచి నీటిలో కరగును. ఆ ఎలక్ట్రానులు ఇనుము గుండా అంచునకు పోయి, అచ్చటి ఆమ్లజనితోను నీటితోను కలియును. ఈ రెండు చర్యల ఫలితములు నీటిలో ఎదురుపడి, చివరకు ఎర్రని తుప్పుగా ఏర్పడును. నీటిలో ఉప్పు కరగియున్నచో విద్యుత్తు సులభముగా ప్రవహించును, తుప్పు త్వరపడును. తుప్పు తాను పుట్టిన ఇనుముకన్న రెండింతలకు పైగా చోటు ఆక్రమించును. ఇరుకైన భాగములు బిగిసిపోవుట ఇందుచేతనే.

దీనిని ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చూపవచ్చును. గరుకు కాగితముతో రుద్దిన ఐదు ఇనుప మేకులను ఐదు పరీక్షనాళికలలో ఉంచవలెను. మొదటిదానిలో తేమను పీల్చు కాల్షియం క్లోరైడును వేసి, బిరడా బిగింపవలెను. రెండవదానిలో బాగుగ కాచి చల్లార్చిన నీరు పోసి, మేకు మునిగిన పిదప పైన నూనె పొర నిలుపవలెను. మూడవదానిలో మామూలు నీరు మేకు సగము మునుగునట్లు పోయవలెను. నాలుగవదానిలో ఉప్పునీరు అట్లే పోయవలెను. ఐదవదానిలోను సగము వరకు మామూలు నీరే గాని, మేకునకు ముందుగా ఇంజను నూనె దట్టముగా పూయవలెను. వారము దినముల పిమ్మట చూచినచో, నీరు లేని మొదటిదానికిని ఆమ్లజని లేని రెండవదానికిని తుప్పు దాదాపు పట్టియుండదు. మూడవదానికి, నాలుగవదానికి బాగుగ పట్టును. ఐదవదాని స్థితి నూనె పొర ఎంత చెదరక నిలిచెనో తెలుపును. మోటారు సైకిలు నిలువకు సంబంధించిన పాఠము చాలవరకు ఈ ఐదు మేకులలోనే ఉన్నది.

ఇంజనుకు నూనె కవచము

ఆవకాయ జాడీలో ముక్కలపై నూనె తేరి నిలుచునట్లు చూచుట తెలుగు ఇండ్లలో అలవాటు. నూనె గాలిని లోనికి పోనీయదు. ఇంజను లోపల చేయవలసిన పనియు ఇదియే.

నడచిన ఇంజనులోని నూనె శుద్ధమైనది కాదు. పెట్రోలు మండినపుడు పుట్టిన నీరు, ఆమ్లములు కొంత అందు చేరియుండును. ఆ నూనెనే ఉంచి బండిని నిలిపినచో, ఆ ఆమ్లములు నెలల తరబడి బేరింగులను తినుచుండును. కాబట్టి మొదట బండిని పది పదిహేను కిలోమీటర్లు నడిపి, ఇంజను వేడిగా ఉన్నపుడే పాత నూనెను పూర్తిగా దించి, కొత్త నూనె పోయవలెను. “తిరిగివచ్చిన పిదప మార్చవచ్చును” అనుకొనుట పొరపాటు.

తరువాత సిలిండరు. అందు పిస్టను నిలిచిన చోటికి పైనున్న గోడపై నూనె కొలది దినములలో జారిపోవును. స్పార్కుప్లగ్గును విప్పి, ఆ రంధ్రమునుండి ఒక చిన్న చెంచాడు శుభ్రమైన ఇంజను నూనెను పోసి, తాళము ఆపియుంచి, కిక్కును నాలుగైదు మారులు మెల్లగా త్రొక్కవలెను. నూనె గోడలకు అంతటను అంటును. పిమ్మట ప్లగ్గును తిరిగి బిగింపవలెను. విమానముల ఇంజనులను నిలువ చేయువారు ఇంకొక అడుగు ముందుకు పోయి, తేమను పీల్చు సిలికా జెల్ నింపిన ప్రత్యేకమైన ప్లగ్గులను ఆ రంధ్రములలో బిగింతురు.

కోనసీమలో కొబ్బరినూనెకు కొదువ లేదు గాని, దానిని ఇందుకు వాడరాదు. వృక్షసంబంధమైన నూనెలు కాలక్రమమున మురిగి, వానినుండి కొవ్వు ఆమ్లములు పుట్టును. రాగి, ఇత్తడి పాత్రలలో నిలువయున్న నూనె పచ్చబడుట ఈ ఆమ్లముల పనియే. యంత్రమునకు ఖనిజ తైలమే తగినది.

వారమునకొకసారి స్టార్టు చేయవచ్చునా?

ఇది అందరు అడుగు ప్రశ్న. గల్ఫు దేశమునకు పోవు అన్న తమ్మునితో, “వారానికొకసారి స్టార్టు చేసి ఐదు నిమిషాలు ఉంచరా” అని చెప్పిపోవును. తమ్ముడు ఆ మాట తప్పక పాటించును. ఈ మంచి ఉద్దేశమే బండికి ఎక్కువ చేటు చేయును.

కారణము రసాయనశాస్త్రములో ఉన్నది. పెట్రోలు ముఖ్యముగా ఉదజని, కర్బనముల సమ్మేళనముల మిశ్రమము. అది మండినపుడు ఉదజని ఆమ్లజనితో కలిసి నీరగును. లెక్కకు ఆక్టేనును తీసికొన్నచో, దాని 114 గ్రాములు మండినపుడు 162 గ్రాముల నీరు పుట్టును. ఆ చొప్పున ఒక లీటరు పెట్రోలు మండిన సుమారు ఒక లీటరు నీరు పుట్టును! దూరము నడచు బండిలో సైలెన్సరు బాగుగ కాగియుండుటచే ఈ నీరు ఆవిరిగనే బయటికి పోవును. ఐదు నిమిషములు నిలిచి తిరిగిన ఇంజనులో సైలెన్సరు చల్లగనే ఉండును. 20 మిల్లీలీటర్ల పెట్రోలు మండినదనుకొన్నచో దాదాపు అంతే నీరు పుట్టి, అందులో కొంత సైలెన్సరులోను, కొంత నూనెలోను చేరి నిలిచిపోవును. ఇట్లు ఏబది వారములు జరిగినచో సైలెన్సరు లోపలినుండి తినివేయబడును. బ్యాటరీయు ఆ కొద్ది నిమిషములలో, స్టార్టరు లాగుకొన్న విద్యుత్తును తిరిగి పొందుట అరుదు.

కాబట్టి రెండే మార్గములు. నమ్మకమైనవారు ఉన్నచో పదిహేను దినములకొకసారి బండిని పదిహేను, ఇరువది కిలోమీటర్లు నిజముగా నడుపవలెను. అట్టివారు లేనిచో సరిగా నిలువ చేసి, ఇక దానిని కదలింపక విడిచిపెట్టవలెను. నడిమి మార్గము చెడ్డది.

పెట్రోలు

పెట్రోలు ధాన్యమువలె ఏండ్ల తరబడి నిలువయుండునది కాదు. తేలికగా ఆవిరియగు భాగములు ముందుగా పోవును. మిగిలినది సులభముగా అంటుకొనదు. గాలిలోని ఆమ్లజనితో కలిసి అందలి కొన్ని భాగములు జిగురుగా మారును. కార్బురేటరులోని పైలట్ జెట్టు రంధ్రము అర మిల్లీమీటరుకన్న సన్నము. అది మూసికొనుటకు కొద్దిపాటి జిగురు చాలును.

నేటి పెట్రోలుతో ఇంకొక చిక్కు కలదు. 2025 నాటికి మన బంకులలో 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు సాధారణమైనది. ఇథనాలు నీటిని ప్రీతితో పీల్చును. పీల్చిన నీరు ఒక హద్దు దాటినచో, ఇథనాలు పెట్రోలును విడిచి నీటితో కలిసి ట్యాంకు అడుగున వేరు పొరగా చేరును. ఇంజనుకు ఇంధనమును అందించు గొట్టము అడుగుననే ఉండుటవలన, మొదట ఇంజనుకు పోవునది ఆ పొరయే. ట్యాంకు ఉక్కునకు తుప్పు పట్టించునదియు అదియే.

రెండు మూడు నెలలకు మాత్రము నిలువ చేయువారు ట్యాంకును పూర్తిగా నింపి మూత గట్టిగా బిగింపవలెను. ఖాళీ లేనిచోట తేమగాలికి తావు ఉండదు. పెట్రోలు చెడకుండ కాపాడు ద్రవము దొరికినచో దానిని చెప్పిన పాలులో కలిపి, ఇంజనును కొన్ని నిమిషములు నడిపి ఆపవలెను. ఆరు నెలలకు మించినచో ట్యాంకును పూర్తిగా ఖాళీచేసి, ఆరబెట్టి, లోపల కొద్దిగా ఇంజను నూనె పోసి అన్ని ప్రక్కలకు అంటునట్లు త్రిప్పుట మేలు. కార్బురేటరు గల పాతబండ్లలో దాని అడుగునున్న మర విప్పి, అందలి పెట్రోలును కూడ దింపవలెను. 2020 ఏప్రిల్ 1నుండి బి.ఎస్.-6 నియమములు అమలులోకి వచ్చిన పిదప తయారైన దాదాపు అన్ని బండ్లలో కార్బురేటరుకు బదులు ఇంధనమును చిమ్ము పరికరము ఉన్నది. వానిలో పంపు ట్యాంకులోనే ఉండి, పెట్రోలుచేతనే చల్లబడుచుండును. ఇట్టి బండిని పెట్రోలు అయిపోవువరకు నడిపి ఆపరాదు. ట్యాంకు ఖాళీచేయు పనిని మెకానిక్కునకు అప్పగింపవలెను.

పెట్రోలును దించునపుడు ఆరుబయట మాత్రమే దింపవలెను. దాని ఆవిరి గాలికన్న బరువైనది. అది నేలబారున ప్రాకి, దూరముననున్న వంటయింటి పొయ్యిని చేరి అంటుకొనగలదు. దించిన పెట్రోలును సీసాలలో పోసి ఇంటిలో దాచరాదు. వెంటనే మరొక బండిలో పోసి వాడివేయవలెను.

బ్యాటరీ

1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు విద్యుద్ఘటమే కొలది మార్పులతో నేటికిని మోటారు సైకిళ్ళలో ఉన్నది. ఒక్కొక్క ఘటము సుమారు 2.1 వోల్టులు ఇచ్చును; ఆరు ఘటములు కలిసి పన్నెండు వోల్టుల బ్యాటరీ యగును. విద్యుత్తు ఖర్చగుకొలది పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడును. వెంటనే చార్జి చేసినచో అది తిరిగి సీసముగాను గంధకికామ్లముగాను మారును. ఖాళీ బ్యాటరీని నెలల తరబడి విడిచినచో ఆ సల్ఫేటు పెద్ద పెద్ద స్ఫటికములుగా పెరిగి గట్టిపడును. అటుపై చార్జి చేసినను కరగదు. బ్యాటరీ “చచ్చినది” అనుటకు అర్థమిదియే.

తాళము తీసియున్నను బండిలోని గడియారము వంటి పరికరములు స్వల్పముగా విద్యుత్తును త్రాగుచుండును. అది ఒక మిల్లీ ఆంపియరు మాత్రమే యనుకొన్నను, 4 ఆంపియరు-గంటల బ్యాటరీ 4,000 గంటలలో, అనగా ఐదున్నర నెలలలో, ఖాళీయగును. బ్యాటరీ తనంతట తాను కోల్పోవు విద్యుత్తు దీనికి అదనము. డెల్టా వేడిలో అది మరింత త్వరగా జరుగును. కనుక బ్యాటరీని విప్పి తీసివేయవలెను. మొదట ఋణధ్రువపు తీగను, పిదప ధనధ్రువపు తీగను విప్పవలెను. ఇట్లు చేసినచో పానా పొరపాటున బండి చట్రమునకు తగిలినను మెరుపు పుట్టదు. బిగించునపుడు ఈ వరుస తారుమారగును.

నిండిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు, అంతకు కొంచెము ఎక్కువ చూపును. 12.4కు దిగినపుడు తిరిగి చార్జి చేయవలెను. దాని ఆంపియరు-గంటల సంఖ్యలో పదవవంతు విద్యుత్ప్రవాహముతో మెల్లగా చార్జి చేయుట క్షేమము. ఆ సమయమున ఉదజని వాయువు వెలువడును గనుక దగ్గర నిప్పు ఉండరాదు. రెండేండ్ల ప్రవాసమునకు పోవువారు బ్యాటరీని దాచుటకన్న, అదే కొలత గల బంధువుల బండిలో వాడుకొనుటకు ఇచ్చిపోవుట తెలివైన పని.

టైర్లు, బ్రేకులు

వెనుక టైరుపై 60 కిలోల బరువున్నదనుకొందము. లోపలి గాలి పీడనము చదరపు సెంటీమీటరునకు 2 కిలోలు. అప్పుడు బరువునంతను మోయుచున్న భాగము 30 చదరపు సెంటీమీటర్లు మాత్రమే, అరచేతికన్న చిన్నది. ట్యూబు రబ్బరు గుండా గాలి మెల్లగా జారిపోవుటచే ఆ భాగము నానాటికి పెరిగి, టైరు అచ్చటనే మడతపడి పగులును. అందుచేత గాలి నిండుగా కొట్టి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, ముందు చక్రము క్రింద కూడ ఎత్తుపెట్టి రెండు చక్రములును నేలను వదలునట్లు చేయవలెను. ఎండయు, గాలిలోని ఓజోనును రబ్బరును బీటలు వారించును. నూనె, గ్రీజు దానిని ఉబ్బించును. గొలుసును కిరసనాయిలుతో కడిగి నూనె పెట్టునపుడు టైరుమీద పడకుండ చూడవలెను.

డిస్కు బ్రేకులలోని ద్రవము ప్రాణముతో సంబంధించినది. ఇదియు ఇథనాలువలె గాలిలోని తేమను పీల్చును. డాట్-4 రకపు ద్రవము కొత్తదైనపుడు 230 డిగ్రీలకు తక్కువ కాని వేడిలో మరగవలెనని ప్రమాణము. అందులో 3.7 శాతము నీరు చేరినపుడు 155 డిగ్రీల వరకైన నిలువవలెనని మరొక ప్రమాణము. కొద్దిపాటి నీరు 75 డిగ్రీల శక్తిని హరించుచున్నదని అర్థము. గట్టిగా బ్రేకు వేసినపుడు పుట్టు వేడికి అట్టి ద్రవము మరగి ఆవిరి బుడగలగును. బుడగ నొక్కుకొనిపోవును గాని బలమును అందింపదు. మీట చేతికి మెత్తగా తగులును, బండి ఆగదు. కాబట్టి ఏండ్ల తరబడి నిలిచిన బండికి, నడుపుటకు ముందు, ఈ ద్రవమును మార్పించి తీరవలెను.

చోటు, కప్పు

బండిని ఉంచు చోటు పొడిగాను, గాలి ఆడునట్లును, ఎండ తగులనట్లును ఉండవలెను. మూడు తావులు కూడవు. మొదటిది పశువుల పాక. పశువుల మూత్రమునుండి పుట్టు అమోనియా రాగిని, ఇత్తడిని తినును. బ్రిటిషు కాలములో ఇండియాలో గుఱ్ఱపుసాలలలో నిలువయుంచిన ఇత్తడి తూటాల తొడుగులు వానకాలము రాగానే పగిలిపోయెడివి. కారణము అమోనియాయని 1921లో తేలినది. రెండవది ఎరువుల బస్తాల ప్రక్క; రసాయనిక ఎరువులలో పెక్కు తేమను పీల్చి లోహమును తినివేయునవి. మూడవది పల్లపు నేల. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన గోదావరి వరదలు, 1996 నవంబరు 6వ తేదీ తుపాను డెల్టా ప్రజలు మరువలేనివి. లంక గ్రామములలో గోడపైనున్న పాత వరద గుర్తుకు పైయెత్తున బండిని నిలుపుట ఉత్తమము.

నిలుపుటకు ముందు మంచినీటితో కడిగి, బాగుగ ఆరనిచ్చి, రంగు లేని లోహభాగములకు నూనెగాని వాసెలీనుగాని పలుచగా పూయవలెను. పాలితీను గుడ్డను గట్టిగా చుట్టరాదు. అది వానను ఆపును గాని, నేలనుండి లేచిన తేమను లోపలనే బంధించును. పాత నూలు దుప్పటి మేలు. సైలెన్సరు నోటిని గుడ్డతో మూసినచో కందిరీగలు మట్టిగూళ్ళు కట్టవు. ధాన్యము ఉన్న ఇంటిలో ఎలుకలుండును. అవి తీగల పైతొడుగును కొరుకును. బండిని బస్తాలకు దూరముగా నిలిపి, నెలకొకసారి కప్పు తీసి చూచుట అవసరము.

వరదనీరు ఎక్కిన బండికి కిక్కు కొట్టరాదు. గాలి నొక్కుకొనును, నీరు నొక్కుకొనదు. సిలిండరులో నీరున్నపుడు పిస్టనును బలముగా పైకి నెట్టినచో కడ్డీ వంగిపోవును. మొదట మంచినీటితో బురదను, ఉప్పును కడిగి, ప్లగ్గు విప్పి నీటిని వెడలించి, నూనెను మార్చిన పిదపనే ప్రయత్నింపవలెను.

తిరిగి నడుపునపుడు

నిలువ చేసినవారే తిరిగి నడుపుదురను నిశ్చయము లేదు. తమ్ముడో, పొరుగువారో అవసరమునకు తీయవచ్చును. కాబట్టి ఒక అట్టముక్కపై, “సైలెన్సరు మూసియున్నది, సిలిండరులో నూనె పోసితిమి, పెట్రోలు లేదు, బ్యాటరీ తీసితిమి” అని తేదీతో వ్రాసి హ్యాండిలుకు కట్టవలెను. కర్మాగారములలో ఆపిన యంత్రములకు ఇట్టి చీటీ కట్టుట పరిపాటి.

నడుపునపుడు వరుస ఇది. సైలెన్సరు మూత తీయవలెను. ప్లగ్గును విప్పి, కిక్కును మెల్లగా పలుమారులు త్రొక్కి మిగులు నూనెను వెళ్ళగొట్టి, ప్లగ్గును తుడిచి బిగింపవలెను. ట్యాంకును కొద్ది పెట్రోలుతో కడిగి, కొత్త పెట్రోలు పోయవలెను. నిండిన బ్యాటరీని అమర్చవలెను. ఇంజను నూనె మట్టము చూచి, టైర్లలో గాలి సరిచూచి, ప్రక్కలలో బీటలున్నచో టైరును మార్పింపవలెను. బ్రేకు ద్రవమును మార్పించి, వాకిటిలోనే నడక వేగముతో రెండు బ్రేకులను పరీక్షింపవలెను. మొదటి కొన్ని నిమిషములు సైలెన్సరునుండి తెల్లని పొగ వచ్చును. అది సిలిండరులో పోసిన నూనె మండుట మాత్రమే. బీమా మున్నగు పత్రముల గడువును చూచుకొన్న పిదపనే రోడ్డెక్కవలెను.

ఈ పనులన్నింటికి ఒక పూట చాలును. కావలసిన వస్తువులు కొత్త నూనె, ఒక చెంచా, ఒక పానా, ఒక దుప్పటి. పరీక్షనాళికలోని మేకును కాపాడిన సూత్రములే బండినంతను కాపాడును: నీటిని చేరనీయరాదు, చేరిన ఉప్పును కడుగవలెను, గాలికిని ఇనుముకును నడుమ నూనెను నిలుపవలెను. రెండేండ్లు పరదేశములో కష్టించి తిరిగివచ్చినవాని మొదటి ప్రయాణము క్షేమముగా సాగుట, అతడు వెళ్ళుటకు ముందు గడిపిన ఆ ఒక్క పూటపై ఆధారపడియున్నది.